సాలార్‌జంగ్: పాతికేళ్లకే పదవి వదిలేసిన దివాన్

పోయిన సెలవుల్లో మేం అయిదుగురం హైదరాబాద్ ట్రిప్ వేశాం. ఇద్దరు జగిత్యాల వాళ్లు, ఇద్దరు కోరుట్ల వాళ్లు, సిరిసిల్ల నుంచి నేనొక్కణ్నే. ప్లాన్‌లో చార్మినార్ ఉంది, బిర్యానీ ఉంది, సాయంత్రం ట్యాంక్‌బండ్ ఉంది. మధ్యాహ్నం ఎండ ఎక్కడ తప్పించుకోవాలో తెలియక మ్యూజియం కలిపాం. నిజం చెప్పాలంటే అంతే.

జగిత్యాల బస్సు జేబీఎస్‌లో దింపింది. అక్కడ మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, మూసీ దాటి నడిస్తే సాలార్‌జంగ్ మ్యూజియం వచ్చేసింది. టికెట్ లైన్‌లో నిలబడ్డప్పుడు కోరుట్ల దోస్త్ ఒక ప్రశ్న వేశాడు. అసలు ఈ సాలార్‌జంగ్ ఎవరురా? నిజాం రాజు అని నలుగురం ఒకేసారి చెప్పాం. నలుగురం తప్పే. ఆ సిగ్గుతోనే హాస్టల్‌కి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం అలా వచ్చింది. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. కాస్త సర్దుకోండి.

ముందు పేరు సంగతి. సాలార్‌జంగ్ అనేది మనిషి పేరు కాదు, నిజాం ఇచ్చిన బిరుదు. ఒకే ఇంట్లో తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ ఆ బిరుదుతోనే చరిత్రలో ఉన్నారు. ముగ్గురూ హైదరాబాద్ రాజ్యానికి దివాన్లుగా చేశారు. దివాన్ అంటే ప్రధానమంత్రి. మ్యూజియంలో ఉన్న వస్తువుల్లో ఎక్కువ భాగం కొన్నది మూడో ఆయన, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఈ వ్యాసం ఆయన గురించే. కానీ తాత గురించి చెప్పకుండా మనవడి కథ మొదలుపెట్టలేం.

తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్. 1853లో దివాన్ అయ్యేనాటికి ఆయనకు 24 ఏళ్లు. అప్పటికి రాజ్యం అప్పుల్లో మునిగి ఉంది. శిస్తు వసూలు చాలాచోట్ల కాంట్రాక్టర్ల చేతిలో, అప్పులిచ్చినవాళ్ల చేతిలో ఉండేది. ఆయన జీతం తీసుకునే ఉద్యోగులను పెట్టాడు, 1865లో జిలాబందీ తెచ్చాడు. రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా పద్ధతిగా విడగొట్టింది అప్పుడే. అప్పట్లో మన వైపు జిల్లా పేరు ఎలగందల్. కరీంనగర్ పేరు 1905లో వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల ఆ జిల్లాలోని తాలూకాలే. మనం ఆధార్ ఫారంలో జిల్లా, మండలం అని నింపే అలవాటుకు మూలం వెతుక్కుంటూ పోతే ఈయన దగ్గర ఆగుతాం. ఇంకో మాట కూడా చెప్పాలి. 1857లో తుర్రేబాజ్ ఖాన్ వాళ్లు కోఠీలో రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు ఈయన ఇంగ్లిష్ వాళ్ల వైపే నిలబడ్డాడు. రెండూ ఆయనే.

1876లో ఆయన యూరప్ వెళ్లాడు. పారిస్‌లో హోటల్ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రోమ్‌లో బెంజోనీ అనే శిల్పి చెక్కిన ఒక పాలరాతి బొమ్మ కొన్నాడు. అదే మేలిముసుగు రెబెక్కా. మ్యూజియంలో అందరూ ఫోన్లు పైకెత్తేది దాని ముందే. రాయిని చెక్కి, ఆ రాయి మీద పల్చటి గుడ్డ కప్పినట్టు, ఆ గుడ్డలోంచి ముఖం కనబడుతున్నట్టు చేశాడు ఆ శిల్పి. గుడ్డ కూడా రాయే. నేను మగ్గాల ఊరివాణ్ని కదా, అది పట్టా, మల్లా అని చాలాసేపు చూశాను. ఈ మ్యూజియం మొత్తం ఒకే మనిషి పోగుచేసిందని ఇన్‌స్టా రీల్స్‌లో చెబుతుంటారు. రెబెక్కా మాత్రం మనవడు పుట్టకముందే ఆ ఇంటికి చేరింది.

తాత 1883లో కలరాతో పోయాడు. కొడుకు మీర్ లాయిఖ్ అలీ ఖాన్, రెండో సాలార్‌జంగ్, ఇరవై రెండేళ్లు నిండీ నిండకుండా 1884లో దివాన్ అయ్యాడు. రాజ్యంలో ఆఫీసు భాషగా ఉన్న ఫారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది ఈయన కాలంలోనే. మూడేళ్లకే పదవి పోయింది. 1889 జూలైలో పుణెలో చనిపోయాడు.

అదే పుణెలో, అంతకు నెల కూడా ముందు కాదు, 1889 జూన్ 13న మన కథానాయకుడు పుట్టాడు. అంటే తండ్రి పోయేనాటికి పిల్లవాడికి నెల నిండలేదు. తాత లేడు, తండ్రి లేడు. ఉన్నది ఒక పెద్ద పేరు, ఒక పెద్ద దేవిడీ, వందల ఊళ్ల జాగీరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ పిల్లవాడి బాగోగులు చూశాడు, పెద్దయ్యాక ఇంటి బిరుదు ఇచ్చాడు. మూడో సాలార్‌జంగ్ అయ్యాడు.

ఆయనకు 19 ఏళ్లప్పుడు, 1908 సెప్టెంబర్ 28న, మూసీకి వరద వచ్చింది. హైదరాబాద్ చరిత్రలో అంత పెద్ద వరద ఇంకోటి లేదు. వేలమంది చనిపోయారు, వంతెనలు మునిగాయి, ఇళ్లు కొట్టుకుపోయాయి. తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టింది ఆ వరద భయంతోనే. ఆయన ఉండే దివాన్ దేవిడీ మూసీకి దగ్గర్లోనే ఉండేది. ఆ రోజు ఆయన ఎక్కడున్నాడో, ఏం చూశాడో చెప్పే కాగితం నాకు దొరకలేదు, కాబట్టి ఊహించి రాయను. నా వయసులో ఆయన ఊరు అలా ఉండింది అని మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

1911లో మహబూబ్ అలీ ఖాన్ పోయి ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో నిజాం అయ్యాడు. మరుసటి ఏడాది, 1912లో, మహారాజా కిషన్ పర్షాద్ స్థానంలో మూడో సాలార్‌జంగ్‌ను దివాన్‌ని చేశారు. వయసు 23. మనం ఆ వయసులో ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూస్తుంటాం. కొత్త నిజాంకి కూడా ఇంచుమించు అంతే వయసు. ఇద్దరు కుర్రాళ్ల చేతిలో ఇంగ్లండ్ దేశానికి దీటుగా ఉండేంత పెద్ద రాజ్యం.

రెండేళ్లు గడిచాయి. 1914 నవంబర్‌లో సాలార్‌జంగ్ పదవి వదిలేశాడు. నిజాంతో పొసగలేదని చాలామంది రాశారు. ఆ తర్వాత జరిగింది చూస్తే అది నమ్మేలాగే ఉంది. ఉస్మాన్ అలీ ఖాన్ ఇంకో దివాన్‌ని పెట్టుకోలేదు, 1919 దాకా పాలన అంతా తానే నడిపాడు. తాత ముప్పై ఏళ్లు కూర్చున్న కుర్చీలో మనవడు రెండేళ్లు కూర్చుని 25 ఏళ్లకు లేచిపోయాడు. మళ్లీ ఎప్పుడూ అందులోకి రాలేదు.

ఇక్కడే నాకు ఈ మనిషి మీద ఆసక్తి పుట్టింది. డబ్బుంది, పేరుంది, పని లేదు. ఇంకా ముప్పై అయిదేళ్ల జీవితం ఉంది. ఏం చేయాలి?

ఆయన కొనడం మొదలుపెట్టాడు.

దేశవిదేశాల్లోని పాత వస్తువుల వ్యాపారులు ఆయనకు క్యాటలాగులు, జాబితాలు పంపేవాళ్లు. మనం అమెజాన్‌లో స్క్రోల్ చేసినట్టు ఆయన వాటిని చూసి తెప్పించుకునేవాడు. ఆయన కోసం వెతికే ఏజెంట్లు బయటి దేశాల్లో ఉండేవాళ్లు. తనూ యూరప్ తిరిగి కొన్నాడు. సరుకు పట్టుకుని నేరుగా దేవిడీ గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్లూ ఉండేవాళ్లు. కవులకు, రచయితలకు సాయం చేశాడు. పుస్తకాలు అచ్చువేయించాడు. పెళ్లి చేసుకోలేదు.

ఏమేం కొన్నాడో చెప్పడం మొదలుపెడితే ఈ సంచిక చాలదు. చైనా పింగాణీ, జపాన్ కత్తులు, ఫ్రాన్స్ కుర్చీలు, పర్షియా తివాచీలు, దంతపు బొమ్మలు. నూర్జహాన్‌దని చెప్పే జేడ్ పిడిబాకు. అరబిక్, ఫారసీ, ఉర్దూ చేతిరాత గ్రంథాలు వేలల్లో. ఒకే చెక్కదుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యాన్ని, వెనకవైపు మార్గరెట్టా అనే అమ్మాయిని చెక్కిన బొమ్మ. ముందు నిలబడితే పొగరుగా నవ్వే మొహం, వెనక అద్దంలో చూస్తే తలవంచుకున్న అమ్మాయి. మా జగిత్యాల దోస్త్ అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాడు.

ఇక గడియారం. కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ అనే కంపెనీ దగ్గర కొన్నాడు. మూడు వందల యాభైకి పైగా భాగాలున్నాయంటారు. గంట కాబోతుండగా ఒక చిన్న గడ్డం మనిషి తలుపు తీసుకుని బయటికి వస్తాడు, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. పక్కన ఒక కమ్మరి క్షణక్షణం సుత్తితో కొడుతూనే ఉంటాడు. మధ్యాహ్నం పన్నెండుకు అక్కడ బెంచీల మీద జనం సినిమా హాల్లో కూర్చున్నట్టు కూర్చుంటారు. కోడింగ్ లేదు, కరెంట్ లేదు, అన్నీ పళ్లచక్రాలు, స్ప్రింగులు. మేం కూడా కూర్చున్నాం. ఆ చిన్న మనిషి లోపలికి పోయి తలుపు పడ్డాక అందరూ ఊరికే చప్పట్లు కొట్టారు. ఎవరి కోసం కొట్టారో తెలియదు.

నన్ను ఆపింది మాత్రం ఆటబొమ్మల గది. ప్రపంచంలో ఎక్కడెక్కడి బొమ్మలో ఉన్నాయి. పిల్లలు లేని మనిషి, నాన్నను చూడని మనిషి ఆ బొమ్మలు ఎందుకు కొన్నాడు? ఒంటరితనం అనేయడం సులువు. ఆయన అలా ఎక్కడా చెప్పుకున్నట్టు లేదు. అవి అందంగా ఉన్నాయని కొన్నాడేమో, అంతే అయ్యుండొచ్చు. నాకైతే ఆ గదిలో ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. దీన్ని వదిలేస్తే ఈ వ్యాసం పొగడ్త అయిపోతుంది.

ఇదంతా జాగీరు డబ్బు. జాగీరు అంటే ఆ ఊళ్ల శిస్తు సర్కారుకు పోదు, జాగీర్దారు ఖజానాకు పోతుంది. సాలార్‌జంగ్‌ల జాగీరు నేటి మహబూబ్‌నగర్ వైపు కోయిలకొండ, కోస్గి దాకా పరుచుకుని ఉండేది. వర్షం పడితే పంట, పడకపోతే వలస అన్నట్టుండే ఊళ్లు. పాలమూరు నుంచి మట్టిపనికి దేశమంతా పోయిన జనం గురించి మనందరికీ తెలుసు. ఆ నేల మీద పండిన జొన్నల్లోంచి కట్టిన శిస్తు ఎన్నో చేతులు మారి, చివరికి లండన్‌లోనో పారిస్‌లోనో ఒక పూలకుండీ ధరగా మారింది. ఆ రైతుకు పూలకుండీ సంగతి తెలియదు. ఆ పూలకుండీ అమ్మినవాడికి కోయిలకొండ తెలియదు. మధ్యలో ఉన్నది ఒక్క మనిషి.

ఆ మనిషి చెడ్డవాడని నేను అనట్లేదు. అదే కాలంలో అలాంటి డబ్బే గుర్రాలకు, వేటకు, విందులకు తగలేసిన జాగీర్దార్లు ఎంతోమంది. వాటిలో ఈరోజు మనం చూడ్డానికి ఏమీ మిగల్లేదు. ఈయన కొన్నవి మిగిలాయి. కానీ మిగిలాయి కాబట్టి ఎవరి డబ్బో అడగకూడదంటే నేను ఒప్పుకోను.

1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసింది. ఆరు నెలలైనా తిరగకముందే, 1949 మార్చి 2న, మూడో సాలార్‌జంగ్ చనిపోయాడు. అరవై ఏళ్లు నిండలేదు. అదే ఏడాది ఆగస్ట్ 15న జాగీర్లు రద్దయ్యాయి. ఇంకో ఆరు నెలలు బతికి ఉంటే తన జాగీరు పోవడం కళ్లారా చూసేవాడు.

ఇప్పుడు సమస్య ఏంటంటే, నేరుగా వారసుడు లేడు. దేవిడీ గదుల నిండా వస్తువులు. ప్రభుత్వం ఎస్టేట్ కమిటీ వేసింది. జేమ్స్ కజిన్స్ అని ఐర్లాండ్ కవి, కళా విమర్శకుడు ఒకాయన ఉండేవాడు. ఆయన్ని పిలిచి ఇదంతా ఒక పద్ధతిలో పెట్టమన్నారు. మన భాషలో చెప్పాలంటే ఇండెక్స్ లేని డేటాబేస్ చేతికిచ్చి క్వెరీ రాయమన్నట్టు. ఏది ఏ దేశానిది, ఏది ఏ కాలానిది, ఏ గదిలో ఏది ఉండాలి అని వేరుచేసుకుంటూ పోయారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియం మొదలైంది. నెహ్రూ వచ్చి తెరిచాడు. జాగీర్దారు ఇంట్లోకి టికెట్ కొనుక్కుని ఎవరైనా పోవచ్చు అన్నది ఆ రోజు నుంచి.

1958లో కుటుంబ సభ్యులు హైకోర్టు ద్వారా రాజీకి వచ్చి సేకరణ మొత్తాన్ని భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంట్ ప్రత్యేకంగా చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగ్‌కి మారాయి. వంశం వాళ్లు ముక్కలుగా పంచుకుని ఉంటే రెబెక్కా ఒక ఊళ్లో, గడియారం ఒక ఊళ్లో, మిగతాది వేలంలో పోయేది. ఆయన ఈ మ్యూజియంకి తాళం తీసి రిబ్బన్ కట్ చేయలేదు. పేరు మాత్రం ఆయనదే. అది మనదవడానికి ఒక చావు, ఒక కోర్టు, ఒక చట్టం కావాల్సి వచ్చాయి.

మ్యూజియం అయిపోయాక మేం ఆయన ఇల్లు చూద్దామని బయల్దేరాం. మదీనా వైపు కొంచెం నడిస్తే చాలు. దివాన్ దేవిడీ అని ఎవరిని అడిగినా చూపిస్తారు. కానీ ఇల్లు లేదు. పాత దర్వాజాలు ఉన్నాయి, వాటి లోపల హోల్‌సేల్ బట్టల బజారు ఉంది. రెడీమేడ్ షర్టులు, పిల్లల ఫ్రాకులు, తాన్లు, మూటలు మోసే హమాలీలు, హారన్ కొట్టే బండ్లు. ఇద్దరు ప్రధానమంత్రులు పెరిగిన ఇంటి జాగాలో పండగ సీజన్ బేరం నడుస్తోంది.

ఒక షాపులో లంగా క్లాత్ తాన్లు పేర్చి ఉన్నాయి. చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది. మా ఇంటి సాంచల మీద రోజూ వచ్చే గుడ్డ అదే. ఎక్కడిది అని అడిగితే సిరిసిల్ల మాల్ అన్నాడు ఆయన. బాపుకి ఫోన్ చేసి చెప్పాను. బాపు నవ్వి, రేటెంత చెప్తున్నడో అడుగు అన్నాడు.

మ్యూజియంలో వస్త్రాల గ్యాలరీ కూడా చూశాను. కలంకారీ, హిమ్రూ, పైఠణీ, జాందానీ. ఒక్కో దాని కింద చిన్న చీటీ. ఏ ప్రాంతం, ఏ శతాబ్దం. నేసిన మనిషి పేరు నేను చదివిన ఏ చీటీ మీదా లేదు. తప్పు మ్యూజియంది కాదు. కొన్నప్పుడు ఎవరూ అడగలేదు, అమ్మినవాళ్లకు తెలియదు. కొన్న మనిషి పేరు బిల్డింగ్ మీద ఉంది. బెంజోనీ పేరు రెబెక్కా దగ్గర ఉంది. నేతగాడి పేరు ఎక్కడా లేదు.

మా తాత చేమగ్గం మీద నేసేవాడు. మా ఊరికి సాంచలు వచ్చాక మగ్గం విప్పేశారు. కట్టెలు పొయ్యిలోకి పోయాయి, ఇనుము పాత సామాన్ల వాడికి పోయింది. ఆయన నాడె ఒక్కటి మాత్రం సజ్జ మీద పాత ట్రంకు పెట్టెలో ఉండేది. ట్రిప్ నుంచి ఇంటికి వెళ్లినప్పుడు దాన్ని కిందికి దించాను. చెక్క నున్నగా అరిగిపోయి, రెండు చివర్లా లోహం నల్లబడి ఉంది. ఒక కాగితం మీద తాత పేరు, ఊరు, ఏం నేసేవాడో అమ్మమ్మను అడిగి రాసి దానికి కట్టాను. అమ్మమ్మ బీడీలు చుట్టుకుంటూనే, గిదేం పని బిడ్డా అన్నది. తర్వాత తనే, తాత ఏ ఏడు మగ్గం ఎక్కాడో గుర్తుచేసుకోవడం మొదలుపెట్టింది. ఏడు గుర్తురాలేదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయట. అదే రాశాను.

మీరు హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం తప్పకుండా చూడండి. శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి. నలభై వేలకు పైగా వస్తువులున్నాయి, ఒక్కరోజులో అన్నీ చూడాలని పరిగెత్తకండి. పన్నెండుకు పావుగంట ముందే గడియారం దగ్గర చోటు పట్టుకోండి. ఫౌండర్స్ గ్యాలరీలో మూడో సాలార్‌జంగ్ ఫొటో ముందు ఒక్క నిమిషం ఆగండి. పాతికేళ్లకు పదవి పోయిన మనిషి అక్కడ కనబడతాడు. కోయిలకొండ రైతు మాత్రం ఏ ఫొటోలోనూ కనబడడు, ఆయన్ని మీరే గుర్తుచేసుకోవాలి. అది అయ్యాక అట్నుంచి దివాన్ దేవిడీ బజారుకు నడవండి. అమ్మకు లంగా క్లాత్ కొంటే సిరిసిల్లదేనా అని ఒకమాట అడిగి కొనండి.